అందరినీ కలుపుకునే మార్షల్ ఆర్ట్స్ స్కూల్లో కొత్తగా చేరడం ఎలా

"ఎవరైనా చేరవచ్చు" అని ప్రతి స్కూలూ బోర్డు మీద రాస్తుంది. చేర్చుకోవడం వేరు, నేర్పడం వేరు. 50 దాటినవారు, ఒళ్లు బరువున్నవారు, చూపు లేనివారు, వీల్‌చెయిర్‌లో ఉన్నవారు, ఆటిజం ఉన్న పిల్లలు, మగవాళ్లతో పట్లు పట్టడం ఇష్టంలేని ఆడవాళ్లు, ట్రాన్స్ వ్యక్తులు... వీళ్లు ఫీజు కట్టాక క్లాసులో ఏమీ మారకపోతే ఒక మూల నిలబడి మిగతావాళ్లను చూస్తూ గడిపేస్తారు. కొన్నాళ్లకు మానేస్తారు. అందుకే "నన్ను చేర్చుకుంటారా?" అని అడగకండి. "నాకోసం క్లాసులో ఏం మారుస్తారు?" అని అడగండి. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పే చోటే వెతుక్కోవాలి.

1. ఒంటికి సరిపోయే విద్య ఏదో చూసుకోండి

స్థూలంగా రెండు రకాలు: కొట్టేవి, పట్టేవి. కరాటే, తైక్వాండో, బాక్సింగ్, ముయే థాయ్ కొట్టే విద్యలు. జూడో, కుస్తీ, బ్రెజిలియన్ జియు-జిట్సు పట్టే విద్యలు. కొట్టేవాటిలో తలకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. పట్టేవాటిలో కీళ్లకు ఒత్తిడి ఎక్కువ, పైగా ఇంకొకరి ఒంటిని ఆనుకుని గంటసేపు ఉండాలి. మరొకరు తాకడమే ఇబ్బందిగా ఉండేవారు కరాటే కాతాలతోనో, నెమ్మదిగా కదిలే చైనా విద్య తాయ్ చీతోనో మొదలుపెట్టుకోవచ్చు. కాతా అంటే ఒంటరిగా వరుసగా చేసే కదలికలు, ఎదుటివాళ్లు అక్కర్లేదు.

చూపు తక్కువగా ఉన్నవారికి జూడో బాగా నప్పుతుంది. 1882లో జిగోరో కానో మొదలుపెట్టిన ఈ విద్యలో ఎదుటివారి జాకెట్ చేతిలో ఉంటే చాలు, వాళ్ల బరువు ఎటు ఒరుగుతోందో తెలిసిపోతుంది. చూపు లోపం ఉన్నవారి జూడో 1988 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. అక్కడ ఇద్దరూ ఒకరి జాకెట్ ఒకరు పట్టుకున్నాకే పోటీ మొదలవుతుంది. మామూలు క్లాసులోనూ ఇదొక్కటి మారిస్తే చాలావరకు సరిపోతుంది. చేతి లోపం ఉన్నవారికి ఎక్కువగా కాళ్లతో తన్నే తైక్వాండో అనువు. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో పారా తైక్వాండో తొలిసారి చేరింది, అందులో తల మీద తన్నడం నిషేధం. పారా కరాటేలో చూపు లోపం, మేధో వైకల్యం ఉన్నవారికీ, వీల్‌చెయిర్ వాడేవారికీ విడివిడిగా కాతా విభాగాలున్నాయి. కాళ్లలో బలం లేనివారు జియు-జిట్సును కూడా చూడాలి. అందులో పోరు చాలావరకు నేలమీదే సాగుతుంది.

మోకాలు బాగోలేనివారికి పాదం తిప్పి తన్నే తన్నులు ఇబ్బంది. భుజం జారే అలవాటున్నవారికి చేతిని మెలితిప్పే పట్లు ప్రమాదం. మెడ నొప్పి ఉంటే కుస్తీ వద్దు. ఇంత చూసుకున్నాక కూడా, విద్య కన్నా మాస్టారు ముఖ్యం. నచ్చిన విద్య నేర్పే మొరటు మాస్టారి కన్నా, అంతగా నచ్చని విద్య నేర్పే ఓపికమంతుడే మేలు.

2. డాక్టర్ దగ్గర సరైన ప్రశ్న వేయండి

"కరాటే నేర్చుకోవచ్చా?" అని అడిగితే చాలామంది డాక్టర్లు "చేసుకోండి" అనో "వద్దు" అనో ఒక్కముక్కలో తేల్చేస్తారు. ఆ జవాబు మీకు ఉపయోగపడదు. విడగొట్టి అడగండి: తలకు దెబ్బ తగలొచ్చా? మెడ మీద బరువు పడొచ్చా? వెల్లకిలా పదేపదే పడొచ్చా? ఊపిరి బిగబట్టి బలం పెట్టొచ్చా? ఈ నాలుగింటికీ విడివిడిగా జవాబు తెచ్చుకుంటే, దాన్నిబట్టి ఏమేం తీసేయాలో మాస్టారే చూసుకుంటారు.

కొన్ని పరిస్థితుల్లో ఈ మాట తప్పనిసరి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో కొందరికి మెడలో అన్నిటికన్నా పైనున్న రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. వారు మొగ్గలు వేయడం, విసరడాలు (ఎదుటివారిని ఎత్తి పడేయడం) డాక్టర్ చూసి సరేనన్నాకే మొదలుపెట్టాలి. ఆ తర్వాతైనా మెడ నొప్పి, నడక తీరు మారడం, మూత్రం ఆపుకోలేకపోవడం కనిపిస్తే ఆ రోజే ఆపి డాక్టర్‌కు చూపించాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు, రెటీనా సమస్య లేదా బాగా ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవారు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారు తలకు దెబ్బ తగిలే సాధనకు దూరంగా ఉండాలి. గర్భిణులు పడటాలు, స్పారింగ్ (జతవారితో పోరు సాధన) చేయకూడదు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్‌ను లాకర్‌లో కాదు, మ్యాట్ అంచున పెట్టుకోండి. డయాబెటిస్ ఉంటే గ్లూకోజ్ కూడా అక్కడే ఉండాలి. మూర్ఛ ఉన్నవారు, అది వచ్చినప్పుడు ఎలా ఉంటుందో, ఏం చేయాలో మాస్టారికి ముందే చెప్పి ఉంచాలి.

3. చేరకముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి

పావుగంట చూసి వచ్చేయకండి. క్లాసు సాధారణంగా గంట నుంచి గంటన్నర ఉంటుంది, అసలు సంగతులు ఆఖరి 20 నిమిషాల్లోనే బయటపడతాయి. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. సీనియర్లు కొత్తవాళ్లను ఎలా చూస్తారో అప్పుడే తెలుస్తుంది.

ఎవరైనా "నేను ఇది చేయలేను" అన్నప్పుడు ఏం జరుగుతుందో జాగ్రత్తగా గమనించండి. మాస్టారు వెంటనే ఇంకో పద్ధతి చూపిస్తే మంచి చోటు. "కూర్చో" అని వదిలేస్తే కొంచెం తగ్గినట్టే. అందరి ముందూ ఎగతాళి చేస్తే లేచి వచ్చేయండి. జతలు ఎవరు కుదురుస్తున్నారో కూడా చూడండి. "మీరే జత చూసుకోండి" అని వదిలేస్తే కొత్తవాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, ఒంటరి ఆడపిల్ల ప్రతిసారీ చివరికి మిగిలిపోతారు. మాస్టారే జతలు కుదిర్చి, రెండు మూడు నిమిషాలకోసారి మార్చే క్లాసులో ఈ బాధ ఉండదు.

నేల కూడా చూడండి. మ్యాట్ల మధ్య సందులుంటే కాలివేళ్లు ఇరుక్కుని విరుగుతాయి. పడటాలు, విసరడాలు ఉన్నచోట పలచని ఫోమ్ షీట్లు చాలవు. జూడో మ్యాట్లు సాధారణంగా 4 సెంటీమీటర్ల మందం ఉంటాయి. క్లాసయ్యాక మ్యాట్‌ను క్రిములను చంపే మందు కలిపిన నీళ్లతో తుడుస్తున్నారో లేదో చూశాకే బయల్దేరండి. ఫస్ట్ ఎయిడ్ పెట్టె కళ్లకు కనిపించాలి. బాత్రూమ్, బట్టలు మార్చుకునే గది తలుపులకు గడియ ఉందో లేదో చూసుకోండి. ట్రాన్స్ వ్యక్తులకూ, పిల్లలకూ, నలుగురిలో బట్టలు మార్చుకోలేనివారికీ ఒక్కరే వెళ్లి గడియ వేసుకోగల గది ఒకటుంటే చాలు, సగం ఇబ్బంది తీరుతుంది.

4. అడగాల్సినవి అడిగేయండి

మొహమాటపడకండి. మంచి స్కూలుకు ఈ ప్రశ్నలు కొత్త కాదు.

- ఒకట్రెండు క్లాసులు చేసి చూశాక చేరవచ్చా?
- ఫీజు నెలనెలా కట్టాలా, ఒకేసారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు?
- యూనిఫామ్, గ్రేడింగ్ (బెల్టు పరీక్ష), సభ్యత్వం, ఇన్సూరెన్స్ వేరే ఖర్చులా?
- నాకు కుదరని కదలిక గ్రేడింగ్‌లో వస్తే దాని బదులు ఏం చేయిస్తారు?
- నేను ఫలానా వ్యక్తితో జత కట్టను అంటే ఒప్పుకుంటారా?
- తలకు బట్ట, హిజాబ్, తలపాగా ఉంచుకోవచ్చా?
- పిల్లల క్లాసును తల్లిదండ్రులు కూర్చుని చూడవచ్చా?
- ఇబ్బంది వస్తే మాస్టారికి కాకుండా ఇంకెవరికి చెప్పుకోవాలి?

గ్రేడింగ్ ప్రశ్న మీద కాస్త పట్టుబట్టండి. "పాపం, ఇది వదిలేద్దాం" అని బెల్టు చేతిలో పెట్టే స్కూలు మిమ్మల్ని గౌరవిస్తున్నట్టు కాదు. కాలితో చేసేదాన్ని చేత్తో, నిలబడి చేసేదాన్ని కూర్చుని అదే కచ్చితత్వంతో చేయమనే స్కూలే గౌరవిస్తున్నట్టు.

5. సామాను: మొదట్లో దాదాపు ఏమీ వద్దు

మొదటి రెండు మూడు వారాలు జేబులు, జిప్పులు లేని టీషర్టు, ట్రాక్ ప్యాంటు చాలు. జేబుల్లో ఎదుటివారి వేళ్లు చిక్కుకుంటాయి, జిప్పు గీసుకుంటుంది. కొనాల్సి వచ్చినప్పుడు స్కూలు చెప్పిన రకమే కొనండి. పలచని కరాటే యూనిఫామ్ జూడోలో ఒక్క లాగుకు చిరుగుతుంది. కాటన్ యూనిఫామ్‌ను వేడినీళ్లలో ఉతికితే కుంచించుకుపోతుంది, చన్నీళ్లు వాడండి.

బాక్సింగ్‌కైతే చేతులకు చుట్టే పట్టీలు 4.5 మీటర్ల పొడవువి తీసుకోండి, పొట్టివి మణికట్టుకు సరిగా అందవు. స్పారింగ్ గ్లవ్స్ పెద్దవాళ్లకు 14 లేదా 16 ఔన్సులవి ఉండాలి, చిన్న గ్లవ్స్‌తో ఎదుటివారికి దెబ్బ ఎక్కువ తగులుతుంది. పళ్ల మౌత్‌గార్డ్‌ను వేడినీళ్లలో మెత్తబరిచి కొరికి, పళ్లకు అమర్చుకోవాలి. పళ్లకు క్లిప్పులున్నవారు డెంటిస్టును అడిగి వేరే రకం తీసుకోవాలి.

6. మొదటి రోజు

2 గంటల ముందే భోజనం ముగించండి. చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరం, చెవి పోగులు, గాజులు, మెట్టెలు, గొలుసు తీసేయండి. వేలు బెణికి వాచిందంటే ఉంగరాన్ని కోసి తీయాల్సి వస్తుంది. జుట్టును బట్ట బ్యాండుతో కట్టుకోండి, ఇనుప క్లిప్పులు వద్దు. చెప్పులు మ్యాట్ అంచు దాకా వేసుకుని అక్కడే విడవండి. బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు మళ్లీ వేసుకోవాలి. ఉత్తి కాళ్లతో బాత్రూమ్‌కు వెళ్లి వచ్చి మ్యాట్ ఎక్కడం కొత్తవాళ్లు అందరికన్నా ఎక్కువగా చేసే తప్పు.

పావుగంట ముందే వెళ్లి, మాస్టారికి మూడు వాక్యాల్లో చెప్పండి: నాకు ఇది ఉంది, ఇవి చేయలేను, ఇలా చేస్తే కుదురుతుంది. ఆరోగ్య చరిత్రంతా విప్పనక్కర్లేదు. వినికిడి తక్కువైతే మాస్టారి మొహం కనిపించే చోట నిలబడండి, ఆపమన్నప్పుడు లైటు ఆర్పి వెలిగించమనండి. చూపు లేనివారు "కొత్త పట్టు చూపించేటప్పుడు నన్నే ముందుకు పిలవండి" అని అడగాలి. "ఇలా పట్టి అలా తిప్పు" అని దూరంగా చూపిస్తే వారికి ఏమీ అందదు, తమ ఒంటి మీద చేసి చూపిస్తే ఒక్కసారికే అర్థమవుతుంది. పెద్ద శబ్దాలు భరించలేని పిల్లలకు చెవిలో పెట్టుకునే ప్లగ్గులు తీసుకెళ్లండి, కరాటే క్లాసులో అరుపులు తప్పవు. వాళ్లను వరుసలో చివర నిలబెట్టి, క్లాసులో ఏది తర్వాత ఏది వస్తుందో ముందే చెప్పించండి. వీల్‌చెయిర్ వాడేవారు మెత్తని మ్యాట్ మీద చక్రాలు దిగబడతాయని గుర్తుంచుకోవాలి. గట్టి నేల ఉన్నవైపు చోటు అడగండి. పాదాలుంచే ఫుట్‌రెస్టుకు ఫోమ్ చుట్టకపోతే జతవాళ్ల ముంగాళ్లు కందిపోతాయి.

యూనిఫామ్ ఇచ్చాక, ఆడైనా మగైనా జాకెట్‌లో ఎడమ అంచే పైకి రావాలి. బెల్టు ముడి చాలామందిని కంగారు పెడుతుంది. బెల్టు నడిమి భాగాన్ని బొడ్డు కింద ఆనించండి. రెండు కొసలనూ నడుం చుట్టూ వెనక్కి తిప్పి, ఒకదానిమీదుగా ఒకటి దాటించి ముందుకు తెండి. కొసలు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని, ఒక కొసను రెండోదాని మీదుగా వేసి, నడుం చుట్టూ ఉన్న రెండు పొరలకూ కిందనుంచి పైకి లాగండి. ఇప్పుడు ఒక కొస పైకి, ఒకటి కిందికి ఉంటాయి. కింది కొసను అడ్డంగా మడిచి, పై కొసను దాని మీదుగా దించి, ఏర్పడ్డ కన్నంలోంచి తీసి రెండు పక్కలకూ లాగి బిగించండి. ముడి బల్లపరుపుగా, కొసలు పక్కలకు వాలితే సరిగ్గా పడినట్టు. కొసలు ఒకటి పైకి, ఒకటి కిందికి నిలబడితే రెండో ముడి తిరగబడింది. విప్పి మళ్లీ వేయండి, లేకపోతే వార్మప్‌లోనే ఊడుతుంది.

7. పడటం ముందు నేర్చుకోండి

పట్టే విద్యల్లో మొదటి పాఠం ఇదే, జపాన్ విద్యల్లో దీన్ని ఉకేమీ అంటారు. కొట్టే విద్య నేర్చుకునేవారు కూడా అడిగి నేర్చుకోవాలి. బాత్రూమ్‌లో జారినా ఇదే కాపాడుతుంది.

మొదట వెల్లకిలా పడుకోండి. గడ్డం ఛాతీకి ఆనించి, బెల్టు ముడి వైపు చూడండి. చేతులు ఛాతీ ముందు అడ్డంగా పెట్టి, ఒక్కసారిగా రెండు పక్కలా మ్యాట్ మీద చరవండి. అరచేతి నుంచి మోచేతి దాకా ఒకేసారి తగలాలి, అరచేతులు కిందికి ఉండాలి, చేతులు ఒంటికి దాదాపు 45 డిగ్రీల కోణంలో పడాలి. చరిచేటప్పుడు ఊపిరి వదలాలి. ఇది వచ్చాక కూర్చున్న చోటునుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆఖరున నిలబడి చేయాలి. గొంతుక్కూర్చుని చేసేటప్పుడు పిర్రలను మడమలకు దగ్గరగా దించి, వీపును గుండ్రంగా దొర్లించాలి. దూరంగా కూలబడితే తోక ఎముకకు దెబ్బ.

తప్పులు ఎక్కడ జరుగుతాయో, ఎందుకు జరుగుతాయో ముందే తెలుసుకోండి. చెయ్యి వెనక్కి ఊనితే మణికట్టు, మోచెయ్యి, కాలర్‌బోన్ విరుగుతాయి. ఇది భయంతో దానంతటదే జరుగుతుంది, అందుకే పడుకున్న చోటునుంచి వందలసార్లు చేయించేది. చేతులు భుజాల ఎత్తుకు చాస్తే భుజం పట్టేస్తుంది. గడ్డం పైకి లేస్తే తల వెనకభాగం నేలకు కొట్టుకుంటుంది. ఒక చెయ్యి లేనివారు చరవడానికి బదులు దొర్లడం మీద ఎక్కువ సాధన చేయాలి. వయసు మళ్లినవారు నిలబడి పడే దశకు వెళ్లనక్కర్లేదు. చెయ్యి సాయం లేకుండా నేలమీదినుంచి లేవడం వారికి అంతకన్నా పనికొస్తుంది.

8. ట్యాప్, "వద్దు", "నెమ్మదిగా"

ట్యాప్ అంటే ఆపమనడం. జతవారి ఒంటి మీద రెండు మూడుసార్లు స్పష్టంగా తట్టండి. చేతులు ఇరుక్కుంటే మ్యాట్‌ను కాలితో తట్టండి లేదా "ట్యాప్" అని నోటితో అనండి. నొప్పి పుట్టేదాకా ఆగొద్దు. మోచెయ్యి లాగే పట్లలో బిగువు తెలిసీ తెలియకముందే కీలు దెబ్బతింటుంది. మడమ తిప్పే పట్లలో మోకాలికి నొప్పి తెలియకముందే లిగమెంటు తెగిపోవచ్చు. జతవారికి వినపడకపోతే ఒంటిమీదే తట్టాలని, కనపడకపోతే నోటితోనూ చెప్పాలని ముందే మాట్లాడుకోండి.

స్పారింగ్‌కు ముందు ఎంత బలంతో చేయాలో చెప్పుకోవడం మీ హక్కు. "ఎడమ భుజం బాగోలేదు, నెమ్మదిగా చేద్దాం" అంటే చాలు. కొట్టే విద్యల్లో మొదటి రెండు మూడు నెలలు తలకు తగిలే స్పారింగ్ అక్కర్లేదు. మొదటి వారంలోనే దింపితే అది ధైర్యం నేర్పడం కాదు, నిర్లక్ష్యం. ఫలానా వ్యక్తితో వద్దనుకుంటే మాస్టారికి చెప్పండి, కారణం చెప్పనక్కర్లేదు. మాస్టారు మీ భంగిమ సరిచేయడానికి తాకబోయే ముందు అడగాలని కోరవచ్చు. బాగా నడిచే స్కూళ్లలో అడగడం అలవాటుగానే ఉంటుంది.

9. మొదటి మూడు నెలలు

వారానికి రెండు క్లాసులు చాలు. ఉత్సాహంలో అయిదు పెట్టుకున్నవాళ్లు మోకాలి నొప్పితోనో, విసుగుతోనో ముందుగా మానేస్తారు. క్లాసయిన మర్నాటి నుంచి మూడో రోజు దాకా కండరాలు పీకడం మామూలే. కీలులో సూదిలా పొడిచే నొప్పి, వాపు, బరువు ఆనించలేకపోవడం మామూలు కాదు, ఆపేసి చూపించుకోవాలి. తలకు దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ మ్యాట్ ఎక్కకూడదు, ఎంత బాగున్నట్టు అనిపించినా సరే. డాక్టర్ చూశాకే, అదీ మెల్లమెల్లగా తిరిగి మొదలుపెట్టాలి.

క్లాసు అవ్వగానే సబ్బుతో స్నానం చేయండి. యూనిఫామ్‌ను ప్రతిసారీ ఉతకండి, బెల్టుతో సహా. గుండ్రంగా, అంచు ఎర్రగా దురద పెట్టే మచ్చ కనిపిస్తే తామర కావచ్చు. దానిమీద ప్లాస్టర్ అంటించి క్లాసుకు వెళ్లకండి. చికిత్స మొదలుపెట్టి, తగ్గిందని డాక్టర్ అన్నాకే వెళ్లండి. దాచిపెడితే క్లాసులో మిగతావాళ్లకూ అంటుకుంటుంది.

బెల్టుల గురించి తొందర వద్దు. బ్రెజిలియన్ జియు-జిట్సులో నల్ల బెల్టుకు పదేళ్లు పట్టడం మామూలు. ఏడాదిలో నల్ల బెల్టు గ్యారంటీ అనే చోట మీరు కొంటున్నది గుడ్డ ముక్కనే.

10. మానేయాల్సి వస్తే

ట్యాప్ చేశాక కూడా పట్టు వదలకపోవడం, కొత్తవాళ్లను సీనియర్లు సరదాకి కొట్టడం, మాస్టారు పిల్లలకు ప్రైవేటుగా మెసేజ్‌లు పెట్టడం, తల్లిదండ్రులను లోపలికి రానివ్వకపోవడం, ఇంకో స్కూలుకు వెళ్లొద్దని బెదిరించడం... వీటిలో ఒక్కటి చూసినా రెండో అవకాశం ఇవ్వకండి. పిల్లల విషయమైతే మానేసి ఊరుకోకుండా ఫిర్యాదు కూడా చేయండి. కట్టిన ఫీజు పోతుందని ఆగిపోవడం తప్పు లెక్క.

మామూలు కారణాలతో మారేటప్పుడు మాస్టారికి నేరుగా చెప్పి, కట్టిన డబ్బుకు రసీదులు, గ్రేడింగ్ సర్టిఫికెట్ తీసుకుని వెళ్లండి. కొత్త స్కూల్లో పాత బెల్టు కట్టుకునే ముందు వాళ్లను అడగండి. అదే విద్య అయినా చాలాచోట్ల మొదట తెల్ల బెల్టు కట్టమంటారు. మీ స్థాయి చూశాక పాత గ్రేడు ఇవ్వాలో, కొంతకాలం ఆగాలో వాళ్లే చెబుతారు.